చారలు పడని ప్లేటు కోసం – జార్జి ఈస్ట్‌మన్ జీవితం

ప్రత్యేక సంచికకు ఎవరైనా ప్రముఖుని జీవితం రాసి ఇవ్వమని కార్యదర్శిగారు అడిగారు. దేశనాయకుల గురించి రాసేవారు ఎలాగూ ఉంటారు గనుక, మనలాగే గుమాస్తాగా బతుకు మొదలుపెట్టిన ఒకాయనను ఎంచుకున్నాను. ఆయన కొడాక్ కంపెనీ స్థాపకుడు జార్జి ఈస్ట్‌మన్.

ఆయన మీద నాకు గురి కుదరడానికి సొంత కారణం ఒకటి ఉన్నది. 1970లలో స్నానాలగది తలుపు సందులకు దుప్పట్లు కట్టి, నలుపు తెలుపు ఫిల్ము ఇంట్లోనే కడుక్కునే పిచ్చి నాకుండేది. మా నాన్నగారు పోవడానికి నెలరోజుల ముందు ఒక ఫిల్ము తీశాను. కడిగి లైటుకు పట్టి చూస్తే ఆయన ముఖం మీదుగా నిలువునా ఒక చార, పక్కన మబ్బులాంటి మచ్చలు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. కెమెరాదీ, ఫిల్ముదీ దోషం కాదు, నా చేతిదే. ఎక్కడ తప్పానో తెలుసుకోవాలని పుస్తకాలు తిరగేస్తుంటే ఈస్ట్‌మన్ కథ కనబడింది. ఆయనా సరిగ్గా ఈ జబ్బుతోనే ఏళ్లతరబడి కుస్తీపట్టాడు.

ఈస్ట్‌మన్ 1854 జులై 12న అమెరికాలో న్యూయార్కు రాష్ట్రంలోని వాటర్‌విల్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి 1862లో పోయారు. తల్లి మరియా రోచెస్టరు పట్టణంలో ఇంట్లో భోజనవసతితో అద్దెవాళ్లను పెట్టుకుని పిల్లలను సాకింది. పోలియో సోకిన ఒక అక్క 1870లో చనిపోయింది. ఆయన అప్పటికే చదువు మాని, ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో వారానికి 3 డాలర్ల జీతానికి కుదిరారు. 1874లో రోచెస్టరు సేవింగ్స్ బ్యాంకులో జూనియర్ క్లర్కు అయ్యారు. లెక్క తప్పనివాడని పేరు. సొంత ఖర్చు ప్రతి సెంటూ పుస్తకంలో రాసుకునే అలవాటు.

1877లో ఒక ప్రయాణం తలపెట్టి 94 డాలర్లు పోసి కెమెరా సామాను కొన్నారు. ప్రయాణం సాగలేదు గాని ఫోటోల పిచ్చి పట్టుకుంది. అప్పట్లో ఫోటో తీయడమంటే పెళ్లివారు తరలినట్లే. గుడారం, సీసాలు, నీళ్లు, గాజు ప్లేట్లు అన్నీ మోసుకుపోవాలి. గాజుమీద అక్కడికక్కడే మందు పూసి, తడి ఆరకముందే బొమ్మ తీసి, వెంటనే కడగాలి. ఆరితే అంతా వృథా. ఆరిన తరువాత కూడా పనిచేసే జెలటిన్ ప్లేట్లు ఇంగ్లండులో వస్తున్నాయని పత్రికలో చదివి, ఈయన తల్లి వంటగదిలోనే వాటి తయారీకి దిగారు. పగలు బ్యాంకు, రాత్రి పొయ్యి. తెల్లవారి తల్లి వచ్చి చూసేసరికి, వేసుకున్న బట్టలతోనే పొయ్యి పక్కన నేలమీద నిద్రపోతూ ఉండేవారట.

మందు కుదిరినా పూత కుదరలేదు. వెచ్చటి ఎమల్షన్‌ను గాజుమీద పోసి, గాజు కడ్డీతో చేత్తో పరచాలి. ఒకచోట మందంగా, ఒకచోట పలుచగా పడుతుంది. మందంగా ఉన్నచోట వెండి లవణం ఎక్కువ, అక్కడ డెవలపరులో నలుపూ ఎక్కువే. ఆకాశంలో చారలు, బుడగ ఉన్నచోట చుక్కలు. చెయ్యి ఎంత తిరిగినవాడికైనా వరసగా పది ప్లేట్లు ఒక్కలా రావు. అందుకని ఈస్ట్‌మన్ చెయ్యినే తప్పించాలనుకున్నారు. ప్లేట్లకు పూతపూసే యంత్రాన్ని కనిపెట్టి, 1879లో బ్యాంకులో సెలవు పెట్టి లండను వెళ్లి పేటెంటు తీసుకున్నారు. 1880లో అమెరికా పేటెంటు కూడా వచ్చింది. ఆ ఏడే అద్దె గదిలో ప్లేట్ల తయారీ మొదలైంది. 1881 జనవరిలో, తల్లి ఇంట్లో అద్దెకు ఉండిన హెన్రీ స్ట్రాంగు అనే ఆయన డబ్బుపెట్టి భాగస్థుడయ్యారు.

అంత అయినా ఉద్యోగం వదలలేదు. 1881లో పైమెట్టు ఖాళీ అయితే, పనిచేసిన ఈయనకు కాక ఒక డైరెక్టరు బంధువుకు ఇచ్చారు. సీనియారిటీ, ప్రమోషను కష్టాలు మన సభ్యులకు నేను చెప్పనక్కరలేదు. మనం అర్జీలు పెట్టుకున్నాం. ఆయన ఆ సెప్టెంబరులో రాజీనామా పెట్టారు.

మరుసటి ఏడే కొంప మునిగినంత పనైంది. దుకాణాల్లోని ప్లేట్లు పనిచేయడం లేదని, బొమ్మ రాక మసకలు కమ్ముతున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. ఈస్ట్‌మన్ అమ్మిన సరుకు వెనక్కు తీసుకున్నారు. చేతిలో ఉన్న డబ్బు దాదాపుగా కరిగిపోయింది. ఫ్యాక్టరీ మూసి, అక్కడే మంచం వేసుకుని వందల ప్రయోగాలు చేశారు. ఫలితం లేదు. చివరకు స్ట్రాంగుతో కలిసి ఇంగ్లండు వెళ్లి విచారిస్తే, దోషం తన విధానంలో కాదు, కొత్తగా వచ్చిన జెలటిన్‌లో ఉన్నదని తేలింది. ఇక ఆ తరువాత వచ్చిన ప్రతి సరుకూ పరీక్షించకుండా వాడనివ్వలేదు. జెలటిన్‌లో ఏముందన్నది 1920లలో కొడాక్ పరిశోధనశాలవారు కనుక్కున్నారు. పశువులు ఆవజాతి మొక్కలు మేసినందువల్ల వచ్చే గంధకపు పదార్థం లేశమాత్రం ఉంటేనే ప్లేటుకు చురుకు. మన ఆవపిండి ఘాటుకూ ఫోటోకూ సంబంధం ఉన్నదంటే మా ఇంట్లో ఇప్పటికీ నమ్మరు.

నేను ఆయన దగ్గర నేర్చుకున్నది ఆ గుమాస్తా పద్ధతే. ఒకసారికి ఒక్కటే మార్చడం, పుస్తకంలో రాసుకోవడం. మళ్లీ ఫిల్ములు కడిగి చూశాను. ఎండాకాలపు కుళాయినీళ్లు వేడిగా ఉన్నందువల్ల మూడు నిమిషాల్లో ముగించేవాణ్ణి. అంత తక్కువ వ్యవధిలో ఫిల్ముకు డెవలపరు అంతటా సమంగా అందదు. ఒలుకుతుందని ట్యాంకులో మెల్లగా పోయడం రెండో తప్పు. పోసి కదపకుండా ఉంచడం మూడోది. అలా ఉంచితే పనైపోయిన డెవలపరు కిందికి జారుతూ చారలు గీస్తుంది. కుండనీళ్లలో కొద్దిగా ఐసు వేసి 20 డిగ్రీలకు తెచ్చుకున్నాను. డెవలపరు పలుచన చేసి, వ్యవధి తగినంత పెంచాను. ఫిల్మును ముందు మంచినీళ్లలో ఒక నిమిషం నానబెట్టి, డెవలపరు ఒక్కసారిగా పోసి, బుడగలు పోయేందుకు ట్యాంకును బల్లమీద తట్టి, అర నిమిషానికొకసారి తిరగేసేవాణ్ణి. మరీ గిలకొడితే ఫిల్ము అంచు రంధ్రాల దగ్గర వేరే చారలు పడతాయి, అదీ చూశాను. నాలుగో ఫిల్ముకు ఆకాశం శుభ్రంగా వచ్చింది. నాన్నగారి బొమ్మ మాత్రం చారతోనే ఉన్నది.

తరువాతి కథ లోకానికి తెలిసిందే. 1888లో 25 డాలర్లకు కొడాక్ కెమెరా. నూరు బొమ్మలు తీసి, 10 డాలర్లతో కెమెరానే కంపెనీకి పంపితే వారే కడిగి ఇచ్చేవారు. 1900లో పిల్లలు సైతం కొనగల ఒక డాలరు బ్రౌనీ వచ్చింది. ఇంట్లో కడుక్కునేవారిని కూడా ఆయన మరువలేదు. 1902లో చీకటిగది లేకుండా ఫిల్ము కడిగే యంత్రాన్ని కంపెనీ అమ్మకానికి పెట్టింది. ఇంటింటా వాడిన డి-76 డెవలపరు 1920లలో వారి పరిశోధనశాలలో పుట్టినదే.

ఈస్ట్‌మన్ పెళ్లి చేసుకోలేదు. 1907లో తల్లి పోయింది. కోట్ల డాలర్లు విద్యాలయాలకు, దంతవైద్యశాలలకు ఇచ్చారు. అడగకుండానే 1899లో సొంత డబ్బు తీసి సిబ్బందికి పంచారు. 1912 నుంచి లాభాల్లో భాగం ఇప్పించారు. 1928లో కొడాక్ ఉద్యోగులకు రిటైర్మెంటు భృతి, జీవితబీమా, అంగవైకల్య సహాయం ఏర్పాటయ్యాయి. మనకు చట్టం ఇచ్చింది. అక్కడి వాళ్లకు ఒక మాజీ గుమాస్తా ఇప్పించాడు.

చివరి ఏళ్లలో వెన్నెముక వ్యాధితో నడక కష్టమైంది. 1932 మార్చి 14న, 77వ ఏట, తన చేతులతోనే జీవితం ముగించుకున్నారు. ఆ సంగతి చదివినప్పుడు చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. ఆయన అస్థికలను రోచెస్టరులోని కొడాక్ ఫ్యాక్టరీ ఆవరణలో ఉంచారు. ఆయన ఇంటిని 1949లో ఫోటోగ్రఫీ మ్యూజియంగా తెరిచారు.