ఫిడేలు నాయుడుగారు

ఈ పాఠం చదివాక మీరు ద్వారం వెంకటస్వామి నాయుడుగారి జీవిత విశేషాలు చెప్పగలుగుతారు. కచేరీలో ఫిడేలుకు ఆయన తెచ్చిన గౌరవాన్ని వివరించగలుగుతారు.

భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు 1959లో వెలిగింది. పనికోసం వచ్చి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మీరూ అక్కడే ఉంటున్నారా? అయితే రాయపూరు మీదుగా విజయనగరం వెళ్లే రైలు మార్గం మీకు తెలిసే ఉంటుంది. ఆ విజయనగరంలోనే మన కథానాయకుని ప్రతిభ వికసించింది.

వెంకటస్వామి నాయుడుగారు 1893 నవంబరు 8న బెంగుళూరులో పుట్టారు. విశాఖపట్నంలో పెరిగారు. చిన్నతనం నుంచీ ఆయనకు చూపు తక్కువ. నల్లబల్ల మీది అక్షరాలు కనిపించేవి కావు. అందువల్ల బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. బడి మానవలసి వచ్చిన బాధ మీలో కొందరికి అనుభవమే కదా! ఆ దశలో అన్నగారు వెంకటకృష్ణయ్య ఆయన చేతికి ఫిడేలు ఇచ్చి, తొలి గురువయ్యారు. చూపు చేయలేని పనిని చెవి, చేయి చేశాయి.

1919లో విజయనగరం మహారాజావారు సంగీత కళాశాల స్థాపించారు. నాయుడుగారు అక్కడ విద్యార్థిగా చేరాలని వెళ్లారు. ఆయన వాయించగా విన్న పెద్దలు ఆయనను ఫిడేలు ఆచార్యునిగా నియమించారు. అప్పుడాయన వయస్సు పాతికేళ్లు మాత్రమే! 1936లో ఆదిభట్ల నారాయణదాసుగారి తరువాత ఆ కళాశాలకు అధ్యక్షులయ్యారు.

ఫిడేలు పాశ్చాత్య వాద్యం. అక్కడి వాద్యబృందాలలో ఎందరో కలిసి దీనిని వాయిస్తారు. మన దేశంలో అది ఎక్కువగా గాయకుని వెంట నడిచే పక్కవాద్యంగానే ఉండేది. నాయుడుగారు పాశ్చాత్య సంగీతాన్ని కూడా శ్రద్ధగా విన్నారు. కమానును నిడివిగా, నిండుగా లాగే పద్ధతి అలవరచుకొన్నారు. అయితే ఆయన పలికించినది మాత్రం మన రాగమే. 1938లో వేలూరులో ఫిడేలే ప్రధానంగా కచేరీ చేశారు. పక్కన కూర్చునే వాద్యం సభ మధ్యకు వచ్చింది.

1941లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు, 1957లో పద్మశ్రీ ఆయనను వరించాయి. 1952లో భారతదేశం వచ్చిన ప్రపంచ ప్రసిద్ధ ఫిడేలు విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ ఆయన వాద్యం విని ఎంతో మెచ్చుకొన్నారు. నాయుడుగారు 1964 నవంబరు 25న కన్నుమూశారు. శతజయంతి సందర్భంగా 1993లో తపాలాశాఖ ఆయన బొమ్మతో బిళ్ల విడుదల చేసింది.

చూశారా! బడి తలుపు మూసుకొన్నా ఆయన నేర్చుకోవడం మానలేదు. నేర్చుకొంటానని వెళ్లిన చోటనే నేర్పేవారయ్యారు. పని ముగించుకొని రాత్రివేళ ఈ పుస్తకం తెరిచిన మీకు ఆయన జీవితం తోడుగా నిలుస్తుంది.

అర్థాలు
కమాను = ఫిడేలు తీగలపై లాగే బద్ద
పక్కవాద్యం = పాటకు తోడుగా వాయించే వాద్యం

మీ ప్రగతిని తెలుసుకోండి
1. నాయుడుగారి బడి చదువు ఎందుకు ఆగిపోయింది?
2. 1938 నాటి కచేరీ ప్రత్యేకత ఏమిటి?
3. మీరు చదువు తిరిగి మొదలుపెట్టడానికి ప్రేరణ ఎవరు? ఐదు వాక్యాలలో రాయండి.