చివరి హారతి వెంగమాంబదే!

తిరుమల కొండ మీద తెల్లవారుజామున సుప్రభాతంతో మొదలైన సందడి రాత్రి ఏకాంత సేవతో ముగుస్తుంది. భోగ శ్రీనివాసమూర్తిని పట్టు పరుపు మీద పవళింపజేస్తారు. పాలు, పళ్ళు నివేదిస్తారు. అన్నమయ్య వంశీకులు లాలి పాడతారు. ఆ తర్వాత ముత్యాలు అమర్చిన పళ్ళెంలో స్వామికి హారతి. దాంతో గుడి తలుపులు మూసేస్తారు. తాళ్ళపాక వారి లాలి, తరిగొండ వారి హారతి అని చిత్తూరు ప్రాంతంలో ఇప్పటికీ అనుకుంటారు.

లాలి సంగతి అందరికీ తెలుసు. మరి ఆ హారతి ఎవరిది? చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకున్న ఒక పల్లెటూరి అమ్మాయిది. ఎదురొస్తే అపశకునమని లోకం పక్కన పెట్టిన మనిషి పేరు మీద స్వామికి రోజూ ఆఖరి మంగళం జరుగుతోందన్నమాట!

ఆమే తరిగొండ వెంగమాంబ. ఉమ్మడి చిత్తూరు జిల్లా వాయల్పాడుకు దగ్గరలో తరిగొండ అనే ఊరుంది. అక్కడి నరసింహస్వామి గుడి పేరున్నది. కృష్ణయ్య, మంగమాంబ దంపతులకు ఆమె 1730 ప్రాంతంలో పుట్టిందంటారు. ఆ రోజుల్లో ఆడపిల్లకు చదువెక్కడిది? ఆటలాడుకునే వయసులోనే పెళ్ళి చేశారు. కాపురం ఏమిటో తెలియకముందే భర్త పోయాడు.

ఆ తర్వాత జరగాల్సిందేమిటో మన ముత్తవ్వలకు బాగా తెలుసు. తల గొరిగించాలి, బొట్టు చెరపాలి, పూలు మానాలి, ఓ మూల కూర్చోవాలి. వెంగమాంబ ససేమిరా అంది. తన భర్త వేంకటేశ్వరుడేనని, ఆయనకు చావు లేదు గనుక తనకు వైధవ్యమూ లేదని ఆమె వాదన. ఊరు ఊరంతా మండిపడింది. పుష్పగిరి పీఠాధిపతి దగ్గర పంచాయితీ అయిందనీ, బలవంతాన తీయించిన జుట్టు నదిలో మునిగి లేచేసరికి మళ్ళీ వచ్చేసిందనీ కథలు కథలుగా చెప్పుకుంటారు. కథ మాటెలా ఉన్నా అంతమందిని ఎదిరించి ఒంటరిగా నిలబడటం మాత్రం చిన్న విషయం కాదు.

మదనపల్లెలో సుబ్రహ్మణ్య దేశికులనే గురువు ఆమెకు యోగం, వేదాంతం బోధించాడు. కవిత్వానికి మాత్రం గురువు లేడు. తాను ఛందస్సు చదువుకోలేదనీ, తరిగొండ నరసింహుడే పలికిస్తున్నాడనీ తన కావ్యంలో చెప్పుకుంది. నరసింహ శతకంతో మొదలుపెట్టి శివ నాటకం, బాలకృష్ణ నాటకం రాసింది. గుళ్ళో ధ్యానం చేసుకుంటుంటే పూజారికి కిట్టలేదట. దాంతో పుట్టిన ఊరు వదిలి తిరుమల చేరింది.

కొండ మీదా కష్టాలు తప్పలేదు. కొన్నేళ్ళు జనం తిరగని తుంబురుకోనలో తపస్సు చేసుకుంది. తిరిగొచ్చాక ఆమె కలం ఆగలేదు. వేంకటాచల మాహాత్మ్యం, ద్విపద భాగవతం, వాసిష్ఠ రామాయణం, రుక్మిణీ నాటకం, గోపీ నాటకం, చెంచు నాటకం... మొత్తం పద్దెనిమిది రచనలని లెక్క. ఇందులో యక్షగానాలు చాలా ఉన్నాయి. అంటే పాట, పద్యం, ద్విపద, మాట కలిసిన ఆట. చదువు రానివాళ్ళు కూడా చూసి, విని, నోటికి పట్టుకోగలిగినవి. తత్త్వ కీర్తనలూ అలాంటివే. పండితుల మెప్పు కంటే పదిమంది నోళ్ళలో నానడమే ఆమెకు ముఖ్యం కాబోలు!

పాటకు ఆయుష్షు ఎలా వస్తుందో చూడండి. అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కి ఉన్నా, శతాబ్దాల పాటు అరలోనే ఉండిపోయి 1922 తర్వాత గానీ మళ్ళీ లోకం చూడలేదు. వెంగమాంబ హారతి మాత్రం ఒక తరం చేతి నుంచి ఇంకో తరం చేతికి అందుతూ వచ్చింది. ఆమె రచనలను తిరుమల తిరుపతి దేవస్థానం అచ్చువేయించింది. కీర్తనలకు బాణీలు కట్టి తిరుపతిలో కళాకారులు పాడుతున్నారు. 1817లో ఆమె కన్నుమూసింది. సమాధి తిరుమలలోనే ఉంది. 2011లో మొదలైన అన్నప్రసాద భవనానికి ఆమె పేరే పెట్టారు. కొండకెళ్ళి అక్కడ భోంచేసి వచ్చే మనలో ఎంతమందికి ఆ పేరు వెనక కథ తెలుసు?

ఇంకో మాట. మన ఇళ్ళలో పెళ్ళికో, సీమంతానికో హారతి పళ్ళెం తెమ్మన్నప్పుడు ఏం జరుగుతోంది? భర్త పోయిన అక్కో, పిన్నో, కన్నతల్లో తనంతట తానే వంటింట్లోకి తప్పుకుంటుంది. రమ్మని మనమూ పిలవం. సాక్షాత్తూ వెంకన్నకే పనికొచ్చిన హారతి మన పిల్లల నెత్తిన పనికిరాకుండా పోతుందా? ఈసారి ఇంట్లో శుభకార్యమైతే ఆ పళ్ళెం ముందుగా ఆమె చేతికివ్వండి. వెంగమాంబను తలుచుకోవడమంటే అదే!