చెవియు కన్నును: రామన్ జీవితము

ఫాల్గుణ మాసమున ఖమ్మము, భద్రాచలము అడవుల సరిహద్దున నున్న చండ్రుగొండ పరిసరములలో మోదుగు పూచును. ఆకు రాలిన కొమ్మలు నిప్పంటుకొన్నట్లుండును. ప్రొద్దు గ్రుంకి మసక కమ్మునప్పుడు, మధ్యాహ్నము కన్ను చెదరగొట్టిన ఆ ఎరుపే ముందుగా నల్లబడును. చుట్టునున్న చెట్ల పచ్చదనము మరికొంతసేపు కానవచ్చుచుండును. పూవు మారలేదు, చూచువాని కన్ను మారినది. ఈ వింతను చెక్ దేశీయుడగు పుర్కింజి 1825లో గ్రంథస్థము చేసెను. వస్తువునందున్న దెంత, ఇంద్రియము కల్పించిన దెంత యను ప్రశ్న మన దర్శనకారులకును పాతదే. ఆ ప్రశ్నను యౌవనమున చెవితోను, వార్ధక్యమున కంటితోను పట్టుకొన్న భారతీయుడు చంద్రశేఖర వేంకట రామన్. పాఠ్యపుస్తకములు ఆయనను 1928 ఫిబ్రవరి 28న వెల్లడియైన రామన్ ఫలితముతో పరిచయము చేసి ఊరకుండును. అందుచేత మన విద్యార్థులకు ఆయన సగమే తెలియును.

రామన్ 1888 నవంబరు 7న తిరుచిరాపల్లి చెంత జన్మించెను. తండ్రి చంద్రశేఖరయ్యరు 1892లో విశాఖపట్టణము ఎ.వి.ఎన్. కళాశాలకు ఉపన్యాసకుడుగా వచ్చుటచే, ఈ తమిళ బాలుడు తెలుగు సముద్రపుటొడ్డున పెరిగెను. పదునొకండేండ్లకే మెట్రిక్యులేషను ముగించి, 1903లో చెన్నపట్టణము ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి, 1907లో ఎం.ఏ. పట్టము నందెను. విద్యార్థిదశలో ఆయన మనస్సును ఆకట్టుకొన్న పుస్తకములలో జర్మను శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ స్వరసంవేదనలను గూర్చి వ్రాసిన గ్రంథ మొకటి. గాలిలోని కదలిక చెవిలో సంగీత మెట్లగునో విచారించిన గ్రంథమది. రామన్ జీవితములో హెల్మ్‌హోల్ట్జ్ మొదట గురువు, పిదప ప్రత్యర్థి.

1907లో కలకత్తాలో ఆర్థికశాఖ ఉద్యోగము దొరికెను. పగలు లెక్కలు చూచి, మిగిలిన వేళలు బౌబజారులోని భారతీయ విజ్ఞానాభివృద్ధి సంఘపు ప్రయోగశాలలో గడపెడివాడు. భార్య లోకసుందరి వీణ వాయించెడిది. వాద్యములు వినుటతో ఆయన తృప్తిపడలేదు. మనుష్యుని చేతిని నమ్మక, వయొలిను కమానును యంత్రముచే నడపించి కొలతలు తీసికొనెను. చర్మవాద్యమున పుట్టు అతిస్వరములు సాధారణముగా మూలస్వరమునకు సరియైన గుణిజములు కావు. కావున చెవికది చప్పుడుగనే తోచును. మృదంగము కుడిమూత నడుమ దట్టించు నల్లని పూత ఆ కంపనములను సవరించి అనుస్వరములుగా కూర్చునని 1920లో ఒక సహచరునితో కలసి ప్రకటించెను. ఇట్టి అనుస్వరములు ఐదింటిని ఆయన గుర్తించెను. మన మద్దెల పనివారు తరతరములుగా చెవినిబట్టి సాధించినదానిని శాస్త్రము అప్పటికి గ్రహించినది.

వీణ విషయము ఇంతకంటె గొప్పది. తంతిని ఏ స్థానమున మీటుదుమో, ఆ స్థానము ఏ అనుస్వరమునకు అస్పందన స్థానమో, ఆ అనుస్వరము పలుకదని యంగ్, హెల్మ్‌హోల్ట్జ్‌ల పేర ఒక నియమము కలదు. వీణలో అది చెల్లదని రామన్ 1921లో చూపెను. వీణ గుఱ్ఱము కత్తివాదరవలె సన్నగా నుండక వంపు తిరిగి వెడల్పుగా నుండును. తంతి కదలినపుడెల్ల దానిని తాకుచు విడుచుచు నుండుటచే, పలుకరాని స్వరము గూడ బలముగా పలుకును. తంబురా గుఱ్ఱముపై తంతి క్రింద దూర్చు నూలుపోగు చేయు పనియు ఇదియే. యూరపు గ్రంథములోని సూత్రము మన యింటి వాద్యమున తప్పినది. ఇరువురు మహామహుల మాటను చెవి సాక్ష్యముతో, కొలత సాక్ష్యముతో త్రోసివేయుట ఆయన కబ్బిన ధైర్యము.

అదే సంవత్సరము ఇంగ్లండునుండి తిరిగివచ్చుచు, నార్కుండా యను ఓడపైనుండి సముద్రపు నీలిమను పరీక్షించెను. ఆ నీలము ఆకాశపు ప్రతిబింబమే యని రేలీ చెప్పియుండెను. రామన్ ఒక పట్టకముతో ఉపరితలమున ప్రతిఫలించు కాంతిని తొలగించి చూడగా, నీలము మాయమగుటకు మారుగా చిక్కనయ్యెను. అచట మొదలైన విచారణయే 1928 నాటి ఫలితమునకును, 1930 నాటి నోబెల్ బహుమానమునకును దారితీసెను. ఆ దినములలో ఆయన చెంత పనిచేసిన మన సూరి భగవంతము పేరు తెలుగువారు మరువరాదు.

1933లో బెంగుళూరు చేరిన రామన్, 1948లో తన పేరిట పరిశోధనాలయమును నెలకొల్పెను. డెబ్బది దాటిన పిమ్మట తోటలోని గులాబీలు, ఇతర పుష్పములు ఆయనకు పరికరములయ్యెను. ప్రతి పూవు వెలుగును వర్ణపటముగా విడదీసి, కంటికి తోచు రంగుతో పోల్చెడివాడు. మరియొక పద్ధతి ఇంకను వింతైనది. వెలుగు నిండిన తెల్లని తెరను రంగు గాజుగుండ చూచుచు, ఆ గాజును తటాలున తొలగించినచో, తన నేత్రపటలపు రూపమే పెద్దదై తెరపై క్షణకాలము కనబడునని వర్ణించెను.

ఎరుపు, ఆకుపచ్చ, నీలములకు మూడు విధములైన గ్రాహకములు కంటిలో నున్నవనియు, తక్కిన రంగులు వాని కలయికలనియు యంగ్ 1802లో ప్రతిపాదింపగా హెల్మ్‌హోల్ట్జ్ పెంపొందించెను. ఎరుపు, ఆకుపచ్చ కాంతులు కలసినచో ఉప్పు వేసిన జ్వాలలోని పసుపువలె కన్ను భ్రమించుట కిదియే కారణము. రామన్ దీని నంగీకరింపలేదు. పసుపునకు ప్రత్యేకస్థానము కలదని పట్టుబట్టి, 1968లో దృష్టిని గూర్చి ఒక గ్రంథము వెలువరించెను. అప్పటికే, 1964లో, అమెరికాలోని ప్రయోగశాలలు ఒక్కొక్క శంకుకణము పీల్చు కాంతిని కొలిచి, కణములు మూడు రకములని తేల్చియుండెను. 1986లో ఆ వర్ణద్రవ్యముల జన్యువులును దొరకినవి. పందెములో గెలిచినది యంగ్, హెల్మ్‌హోల్ట్జ్‌లే.

వీణ నాటి మొండితనమే ఇచ్చటను పనిచేసినది. కాని అచ్చట తంతి బయట నున్నది, కొలతకు లొంగినది. ఇచ్చట చూచునదియు కన్నే, చూడబడునదియు కన్నే. కణమును విడదీసి పరీక్షించు జీవరసాయనమును కాదని, తన చూపునే ఆయన సాక్షిగా నిలిపెను. అయినను ఆ గ్రంథమును పారవేయుట తగదు. సిద్ధాంతము నిలువకున్నను, అందలి పూల పరిశీలనలు ఓపికగలవి, ఉపాధ్యాయులు తరగతిలో చేయించదగినవి.

1970 నవంబరు 21న రామన్ కన్నుమూసెను. ఆ పరిశోధనాలయపు తోటలోనే దహనము జరిగినది. అచ్చట స్మారకమందిరము లేదు. పసుపుపచ్చని పూలు పూయు చెట్టొకటి నాటబడినది.