సన్నాయిది తప్పు కాదు: హ్యారీ ఓల్సన్ కథ

హ్యారీ ఓల్సన్ పేరు మన సిలబస్‌లో ఎక్కడా కనపడదు. ఈసీఈ వాళ్లకి షాట్కీ డయోడ్ తెలుసు, ఓల్సన్ తెలియదు. కానీ ఆయన చేసిన వస్తువును మీలో చాలామంది చూసే ఉంటారు. పాత సినిమాల్లో రేడియో స్టేషన్ సీను వచ్చినప్పుడు పాడే మనిషి ముందు జల్లెడలాంటి ముఖంతో ఒక పెద్ద మైకు నిలబడి ఉంటుంది చూడండి, అలాంటిది. దాన్ని రిబ్బన్ మైకు అంటారు.

నాకు ఈయన మీద ఆసక్తి పుట్టడానికి కారణం మా ఊరు. మాది గరిడేపల్లి, హుజూర్‌నగర్ నుంచి మిర్యాలగూడ పోయే దారిలో వస్తుంది. మా వైపు పెళ్లిళ్లకి సన్నాయి, డోలు వాయించే పెద్దవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. వాళ్ల పిల్లలు వేరే పనుల్లోకి వెళ్లిపోయారు. ఉన్నవాళ్ల వాయిద్యాన్నైనా సరిగ్గా రికార్డు చేసి పెట్టుకుందామని మా ఫ్రెండ్స్ నలుగురం అనుకున్నాం. చేతిలో ఉన్నది చందా డబ్బులు. తక్కువ ధరలో ఏ మైకు కొనాలా అని చదువుతూ పోతే, ఆ మైకు కన్నా దాన్ని తయారుచేసిన మనిషే ఎక్కువ నచ్చేశాడు. అందుకే ఆయన కథ చెప్తున్నా. మైకు సంగతి మధ్యలో దానంతట అదే వస్తుంది.

ఓల్సన్ 1901 డిసెంబరు 28న అమెరికాలోని అయోవా రాష్ట్రంలో మౌంట్ ప్లెజెంట్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. మనకు వరి ఎట్లాగో అయోవాకి మొక్కజొన్న అట్లాగ. తల్లిదండ్రులు స్వీడన్ నుంచి వలస వచ్చినవాళ్లు. పిల్లవాడికి చిన్నప్పటి నుంచే చేతులు ఊరుకునేవి కావు. బొమ్మ విమానాలు చేసి ఎగరేశాడు. ఆవిరి ఇంజిను కట్టాడు. కట్టెలతో మండే బాయిలర్ ఒకటి చేసి, దాంతో 100 వోల్టుల డీసీ జనరేటర్ తిప్పాడు. సొంతంగా రేడియో ట్రాన్స్‌మిటర్ తయారుచేసి ఆపరేటర్ లైసెన్సు కూడా తెచ్చుకున్నాడు. మన ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులు గుర్తుచేసుకుంటే కొంచెం సిగ్గేస్తది.

అయోవా యూనివర్సిటీలో 1924లో ఇంజనీరింగ్ డిగ్రీ, ఆ తర్వాత మాస్టర్స్, 1928లో ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ. ఆ పీహెచ్‌డీ పాదరసపు ఆవిరి నుంచి వచ్చే కాంతి మీద, దానికీ ధ్వనికీ సంబంధం లేదు. అయినా చదువు ముగియగానే ఆర్‌సీఏ అనే రేడియో కంపెనీలో చేరి ధ్వని పరిశోధనలోకి దిగాడు. దాదాపు నలభై ఏళ్లు అక్కడే ఉన్నాడు.

ఆయన చేరిన సమయం చూడండి. సినిమాకి అప్పుడే మాటలొచ్చాయి. అప్పటి మైకులు చాలావరకు అన్ని వైపుల నుంచీ ఒకేలా వినేవి. నటుడి మాటతో పాటు కెమెరా గరగర, సెట్టు మీద అడుగుల చప్పుడు, గోడల ప్రతిధ్వని అన్నీ కలిసి వచ్చేవి. నటుణ్ని మైకుకి అతికించి నిలబెడితే తప్ప మాట తేటగా పడేది కాదు. ఒక వైపు విని ఇంకో వైపు వినని మైకు కావాలి. అదీ ఆయన ముందున్న పని.

రిబ్బన్ ఆలోచన ఓల్సన్‌ది కాదు. 1924లో జర్మనీలో వాల్టర్ షాట్కీ, ఎర్విన్ గెర్లాక్ దాన్ని కనిపెట్టారు. మన డయోడ్ షాట్కీయే ఆయన. ఒక అయస్కాంతం రెండు ధ్రువాల మధ్య సందులో పలచని అల్యూమినియం రేకును వేలాడదీస్తారు. మందం రెండు మూడు మైక్రాన్లు ఉంటుందేమో, అంతే. మన తల వెంట్రుక దానికన్నా ఎన్నో రెట్లు లావు. శబ్దం తగిలితే రేకు కదులుతుంది, అయస్కాంత క్షేత్రంలో లోహం కదిలితే కరెంటు పుడుతుంది. ఫస్ట్ ఇయర్ ఫిజిక్స్‌లో చదివిన ఫారడే నియమమే. ఓల్సన్ 1920ల చివర్లో మొదట విద్యుదయస్కాంతాలతో, తర్వాత శాశ్వత అయస్కాంతాలతో దీన్ని స్టూడియోలో రోజూ వాడుకునే వస్తువుగా మార్చాడు. 1930ల మొదట్లో వచ్చిన ఆర్‌సీఏ 44 ఆ పని ఫలితం. అమెరికా రేడియో స్టేషన్లలో కొన్ని దశాబ్దాల పాటు అది కనపడని చోటు తక్కువ.

ఇందులో కిటుకు ఏంటంటే, రేకుకి ముందూ వెనకా రెండూ తెరిచే ఉంటాయి. ఎదురుగా వచ్చిన శబ్దం దాన్ని వెనక్కి తోస్తుంది, వెనక నుంచి వచ్చింది ముందుకి తోస్తుంది. పక్క నుంచి వచ్చింది రెండు ముఖాలకీ ఒకేసారి, ఒకే బలంతో తగులుతుంది కాబట్టి రేకు కదలదు. అంటే పక్కలూ, పైనా, కిందా మైకు చెవిటిదే. వినే ఆకారం ఎనిమిది అంకెలా ఉంటుంది. గదిలో అన్ని వైపుల నుంచీ తిరిగే ప్రతిధ్వనిలో ఇది పట్టేది మూడో వంతు మాత్రమే. తర్వాత ఓల్సన్ ఒక్క వైపే వినే రిబ్బన్ మైకు కూడా చేశాడు, అదే 77 వరస.

ఇంత చెప్పాక ఒక అనుమానం రావాలి. సన్నాయికి, వయొలిన్‌కి ఈ పాతకాలపు మైకే ఎందుకు? తక్కువ ధర కండెన్సర్ మైకుల్లో చాలావాటికి పై ఫ్రీక్వెన్సీల్లో ఒక ఎత్తు ఉంటుంది. మాటకు అది తేటదనం ఇస్తుంది గానీ, పుట్టుకతోనే పై స్వరాంశాలు దండిగా ఉన్న సన్నాయికి ఇంకో పొర గీర తగిలిస్తుంది. రిబ్బన్ రేకు సొంత కంపనం చాలా కిందికి, మన వినికిడి మొదలయ్యే చోటుకి దగ్గర్లో ఉంటుంది. అందుకని మనం వినే మేరలో అది తనదైన కూత పెద్దగా కలపదు. బాగా పైకి పోయేకొద్దీ మెల్లగా తగ్గుతుంది, అంతే.

ఇక ఓల్సన్ జీవితంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం. 1940లలో ఒక వింత సంగతి బయటపడింది. జనానికి రేడియో, గ్రామఫోను సంగీతం వినిపించి అడిగితే, 5000 సైకిళ్ల పైన ఉన్న శబ్దాన్ని కోసేస్తేనే బాగుందన్నారు. అయితే మామూలు మనిషికి పై శబ్దాలు అక్కర్లేదు, పరికరాలు మెరుగుచేయడం దండగ అని చాలామంది తేల్చేశారు. ఓల్సన్ ఒప్పుకోలేదు, అలాగని వాదనకీ దిగలేదు, ఒక ప్రయోగం చేశాడు. గదిలో వాద్యకారులను నిజంగానే కూర్చోబెట్టాడు. మైకు లేదు, స్పీకరు లేదు. వాళ్లకీ శ్రోతలకీ మధ్య చూపు ఆనకుండా తెర కట్టి, దాని వెనక పై శబ్దాలను అడ్డుకునే తలుపుల్లాంటి ఫిల్టర్లు పెట్టాడు. కాసేపు మూసి, కాసేపు తెరిచి వినిపించాడు. ఎక్కువమంది తెరిచినదే బాగుందన్నారు. 1947లో ఆ ఫలితం అచ్చయింది.

అంటే జనం వద్దన్నది సంగీతంలోని పై స్వరాలను కాదు. నాసిరకం పరికరాలు ఆ పై స్వరాలకు అంటించిన వక్రీకరణను వద్దన్నారు. ఆ మురికి పోవాలంటే స్వరాలను కూడా కోసుకోక తప్పలేదు, అందుకే కోసినదే నచ్చింది.

ఇది చదివాక మన హాస్టల్లో మాటలు గుర్తొచ్చాయి. సన్నాయి అంటే చెవులు చిల్లులు పడతాయనే వాళ్లు మనలో చాలామంది ఉన్నారు. వాళ్లు సన్నాయిని ఎట్లా విన్నారు? పెళ్లి పందిట్లో పగిలిన హారన్ స్పీకర్లో, లేదంటే ఫోన్ వీడియోలో. చెట్టు కింద, పది అడుగుల దూరంలో, మైకు లేకుండా విన్నవాళ్లు ఎంతమంది? మనం ఇప్పుడు చెత్తగా రికార్డు చేసి పెడితే, ఆ పెద్దవాళ్లు పోయాక మిగిలేది ఆ చెత్త శబ్దమే. రేపటివాళ్లు అది విని సన్నాయి ఇంతేనా అనుకుంటారు. తప్పు పరికరానిది, పేరు పోయేది వాయిద్యానికి.

కాబట్టి కొనే సంగతి. అసలు పాత 44 మనకి అందదు, కొన్ని వేల డాలర్లు. కానీ ఎంఎక్స్‌ఎల్ ఆర్144 లాంటి చిన్న రిబ్బన్ మైకులు బయటి దేశాల్లో నూరు డాలర్ల చుట్టుపక్కల అమ్ముడయ్యాయి. మన దాకా వచ్చేసరికి రవాణా, సుంకం కలుస్తాయి. వీటికి సిగ్నల్ బలం తక్కువ, కాబట్టి ఆడియో ఇంటర్‌ఫేస్ కనీసం 60 డెసిబెల్స్ గెయిన్ బుస్సుమనకుండా ఇవ్వాలి. సన్నాయి గట్టిది కాబట్టి సరిపోతుంది. వీణకైతే మధ్యలో చిన్న బూస్టర్ కావాల్సి రావచ్చు. మైకు మీదే డబ్బంతా పెట్టేసి ఇంటర్‌ఫేస్ దగ్గర పిసినారితనం చేస్తే లాభం లేదు.

వాడకంలో జాగ్రత్తలన్నీ ఆ రేకు చుట్టూనే. మన వాళ్లకి మైకు చేతికి రాగానే ఉఫ్ ఉఫ్ అని ఊదే అలవాటు. దీనికి ఒక్క ఊదు చాలు, రేకు సాగిపోతుంది. పైన సీలింగ్ ఫ్యాను శబ్దం మైకు చెవిటి వైపే పడుతుంది గానీ గాలి మాత్రం తగులుతుంది, కాబట్టి ఫ్యాను ఆపాల్సిందే. 48 వోల్టుల ఫాంటమ్ పవర్ తీసేసి ఉంచాలి. కేబుల్లో లోపం ఉంటే అది రేకును లాగేస్తుంది. బూస్టర్ వాడితే దానికి మాత్రం ఆ పవర్ కావాలి, మైకు దాకా పోనివ్వదు. పని అయ్యాక మైకును నిలబెట్టి దాచాలి. సన్నాయికి మూడు నాలుగు అడుగుల దూరం మంచిది, మరీ దగ్గరైతే కింది స్వరాలు ఉబ్బుతాయి. పక్కన డోలు ఉంటే దాన్ని మైకు చెవిటి వైపున కూర్చోబెట్టాలి. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో మోగే భేరీల ముందుకి మాత్రం దీన్ని తీసుకెళ్లకండి. ఆ గాలి దెబ్బకి రేకు నిలవదు.

ఓల్సన్ మైకులతోనే ఆగలేదు. యుద్ధకాలంలో నీటి అడుగున శబ్దాల మీద పనిచేశాడు. 1943లో ఆయన రాసిన పుస్తకం ఒకటి మనకి బాగా పనికొస్తుంది. స్ప్రింగు, బరువు, గాలి గది, అన్నిటినీ కెపాసిటర్, ఇండక్టర్‌లాగా రాసుకుని సర్క్యూట్‌లా లెక్కగట్టడం అందులో నేర్పాడు. 1953లో ఎవరెట్ మేతో కలిసి, చప్పుడుకు ఎదురు చప్పుడు పుట్టించి అణిచే పరికరం గురించి అచ్చువేశాడు. మన చెవుల్లో ఉన్న నాయిస్ క్యాన్సిలింగ్ ఇయర్‌బడ్స్‌కి అది తాత వరస. హెర్బర్ట్ బెలార్‌తో కలిసి ఆయన చేసిన సింథసైజర్ గది గోడంత ఉంటుంది. దాన్ని 1957లో న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీకి చేర్చారు. కంప్యూటర్ సంగీతం అంటే ఎవరికీ సరిగా తెలియని రోజులవి. పేటెంట్లు వంద దాటాయి. 1967లో రిటైరయ్యాడు. 1982 ఏప్రిల్ 1న ప్రిన్స్‌టన్‌లో, ఎనభై ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

ఇన్ని చేసినా ఆ తెర ప్రయోగమే ఆయన్ని నాకు దగ్గర చేసింది. జనానికి రుచి లేదు అనడం చాలా తేలిక. మధ్యలో ఉన్న యంత్రాన్ని అనుమానించి, దాన్ని తీసి పక్కనపెట్టి మళ్లీ అడగడానికి ఓపిక కావాలి. ఏ మైకు కొన్నా ముందు ఆ పని మనమూ చేయొచ్చు, దానికి పైసా ఖర్చు లేదు. వాయించే పెద్దమనిషి ఎదురుగా కూర్చుని, హెడ్‌ఫోన్స్ పెట్టుకోకుండా, అరగంట ఊరికే వినాలి. ఆ తర్వాత రికార్డింగ్‌ని దానితో పోల్చాలి. రెండూ ఒకటిగా వినపడేదాకా మైకును జరుపుతూనే ఉండాలి.

సన్నాయి, డోలు, వీణ, వయొలిన్, మీ ఇంట్లోనో మీ ఊళ్లోనో వాయించే పెద్దవాళ్లు ఉంటే క్లబ్ గ్రూపులో చెప్పండి. సెలవులకి ఇంకా టైముంది.