పుల్లల ఇంటి పురుగు - ఫాబ్రే పంతులు

నంబులపూలకుంట వంటి మెట్టసీమలలో తుమ్మకొమ్మలకు చిన్న చిన్న పుల్లల మూటలు వ్రేలాడుతుంటాయి. ఆ మూటలో ఒక పురుగు కాపురముంటుంది. నోటినుండి తీసిన పట్టుదారంతో పుల్లలను బిగించుకొని, ఇంటిని వెంట మోసుకొంటూనే ఆకు మేస్తుంది. దీనికి దూరపుచుట్టం ఒకటి నీటిలో ఉన్నది. ఆంగ్లేయులు దానిని కాడిస్ అంటారు. పుల్లలు, ఇసుకరేణువులు, నత్తగుల్లలు, ఏది దొరికితే దానితో తొడుగు కట్టుకొంటుంది. ఈ రెండింటి చరిత్రను కథకంటె రుచిగా వ్రాసినవాడు జా ఆన్రీ ఫాబ్రే అనే ఫ్రెంచి బడిపంతులు.

ఫాబ్రే 1823లో దక్షిణ ఫ్రాన్సులో పేదయింట పుట్టినాడు. బాతుపిల్లలను మడుగుకు తోలమంటే, రాళ్లు, గుల్లలు జేబులనిండా నింపుకొని వచ్చి చీవాట్లు తిన్న పిల్లవాడు. విద్యార్థివేతనంతో అవిన్యో పట్టణంలో ఉపాధ్యాయశిక్షణ పొంది, 1842లో కార్పెంత్రాలో పంతులైనాడు. జీతం ఏడాదికి 700 ఫ్రాంకులు. తరువాత కోర్సికా ద్వీపంలో కొన్నాళ్లు, 1853 నుండి అవిన్యోలో పనిచేసినాడు. మంజిష్ఠజాతి మొక్క వేరునుండి ఎర్రరంగు తీసే పద్ధతిని బాగుచేసి నాలుగు డబ్బులు చూడవచ్చునని ఆశపడినాడు. ఇంతలో రసాయనశాలలో చేసిన రంగు బజారుకు వచ్చింది. ఆ ఆశ అడుగంటింది.

అంతకంటె పెద్దదెబ్బ మరొకటి తగిలింది. ఆడపిల్లలకు సాయంకాలపు తరగతులలో పువ్వు కాయ అయ్యే తీరు చెప్పినాడు. అది తగని పాఠమని ఛాందసులు గోల చేసినారు. 1870లో ఉద్యోగం పోయింది. అద్దె ఇంటినుండి కూడ వెళ్లగొట్టినారు. అయిదుగురు బిడ్డల తండ్రి! అప్పుడు ఆంగ్లేయ తత్త్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ పత్రమైనా అడుగక 3000 ఫ్రాంకులు బదులిచ్చినాడు. ఫాబ్రే పాఠ్యపుస్తకాలు వ్రాసి ఆ బాకీ తీర్చినాడు.

1879లో సెరిన్యా గ్రామంలో ఒక బీడు కొన్నాడు. దున్నుటకు పనికిరాని రాతినేల; పురుగులకు మాత్రం స్వర్గం. కీటకాలను గురించిన ఆయన స్మృతులు 1879 నుండి 1907 వరకు పది సంపుటాలుగా వెలువడినవి. డార్విన్ ఆయన పరిశీలనాశక్తిని మెచ్చుకొన్నాడు. ఫాబ్రే మాత్రం పరిణామవాదాన్ని కడవరకు ఒప్పుకొనలేదు. ఈ పట్టుదల ఆయన లోపమే.

కాడిస్ పురుగులను ఆయన అద్దాలతొట్టిలో పెంచినాడు. అందులో నీటిపెంకుపురుగులు పడి వాటి తొడుగులను చీల్చివేయసాగినవి. శత్రువు ఇంటిని చించుతుండగా, లోపలి జీవి తొడుగు ముఖద్వారంనుండి జారి పారిపోవుట ఆయన కనిపెట్టినాడు. దానికి ఇల్లుకంటె ప్రాణం ముఖ్యం. దిసమొలతో మిగిలిన ఆ పురుగు మళ్లీ పని ఆరంభిస్తుంది: మొదట సన్నని వేళ్లతో మోటుబుట్ట, ఆ తరువాత తగినట్లు కత్తిరించిన పుల్లలతో నికరమైన ఇల్లు.

ఫాబ్రే 1915 అక్టోబరు 11న మరణించినాడు. ఆ బీడునేలను, ఇంటిని 1922లో ఫ్రెంచి ప్రభుత్వం కొన్నది.