జార్జ్ వుల్ఫ్

జార్జ్ వుల్ఫ్ (మే 31, 1910 - జనవరి 4, 1946) కెనడాలో జన్మించి అమెరికాలో ప్రసిద్ధి చెందిన గుర్రపు పందెపు జాకీ. తొణకని స్వభావం కలవాడు కనుక ఇతనిని ఐస్‌మ్యాన్ అని పిలిచేవారు. పందెపు బాట నేలను బాగా ఎరిగిన రౌతుగా పేరొందిన ఇతడు, చివరకు అటువంటి బాటపైనే పడి మరణించాడు.

జీవితం

వుల్ఫ్ కెనడాలోని ఆల్బెర్టా రాష్ట్రంలో కార్డ్‌స్టన్ వద్ద జన్మించాడు. తల్లి సర్కస్‌లో గుర్రపు స్వారీ విన్యాసాలు చేసేది. 1928లో వాంకూవర్‌లో జాకీగా ప్రవేశించాడు. 1935లో అజూకార్ అనే గుర్రంపై మొట్టమొదటి శాంటా అనిటా హ్యాండిక్యాప్‌ను, 1936లో బోల్డ్ వెంచర్‌పై ప్రీక్‌నెస్ స్టేక్స్‌ను గెలిచాడు.

పిమ్లికో పందెం

1938లో మిత్రుడు రెడ్ పొలార్డ్ కాలు విరగడంతో, సీబిస్కెట్ అనే గుర్రాన్ని నడిపే బాధ్యత వుల్ఫ్‌కు వచ్చింది. నవంబరు 1న పిమ్లికోలో వార్ ఆడ్మిరల్‌తో పోటీ జరిగింది. తడిసి మెత్తబడిన నేలలో గుర్రం కాళ్ళు దిగబడి వేగం తగ్గుతుంది, స్నాయువులపై భారం పెరుగుతుంది. అందుచేత వుల్ఫ్ ముందురోజు రాత్రి బాటంతా కాలినడకన పరిశీలించాడు. లోపలి కంచెకు కొన్ని అడుగుల దూరంలో, ట్రాక్టరు చక్రం నడిచి గట్టిపడిన జాడ కనిపించింది. మరునాడు గుర్రాన్ని ఆ జాడపైనే నడిపి, నాలుగు గుర్రాల నిడివి తేడాతో గెలిచాడు.

1939 ఫిబ్రవరిలో శాంటా అనిటాలో వుల్ఫ్ స్వారీ చేస్తుండగానే సీబిస్కెట్ ముందుకాలి స్నాయుబంధం దెబ్బతిన్నది. ఆ గుర్రం తిరిగి పందెంలో దిగడానికి దాదాపు ఏడాది పట్టింది.

అనారోగ్యం, మరణం

వుల్ఫ్‌కు మధుమేహం ఉండేది. జాకీలు బరువు తగ్గించుకొనుటకు పస్తులుండడం సామాన్యమైనా, ఈ వ్యాధిగ్రస్తునికి అది ప్రమాదకరం. జనవరి 3, 1946న శాంటా అనిటాలో ప్లీజ్ మీ అనే గుర్రంపైనుండి మొదటి మలుపు వద్ద పడిపోయాడు. వ్యాధి కారణంగా స్పృహ తప్పి ఉంటాడని పలువురు భావించారు. నేటి దృఢమైన శిరస్త్రాణాలు అప్పటికి లేవు. తలకు తగిలిన గాయంతో మరునాడు 35 ఏళ్ళ వయసులో మరణించాడు.

గుర్తింపు

ఇతని పేరిట జాకీలకిచ్చే స్మారక పురస్కారం 1950లో ప్రారంభమైంది. 1955లో అమెరికా జాతీయ గుర్రపు పందేల కీర్తి మందిరంలో ఇతనికి స్థానం లభించింది. 2003లో వచ్చిన సీబిస్కెట్ చలనచిత్రంలో వుల్ఫ్ పాత్రను గ్యారీ స్టీవెన్స్ అనే జాకీయే పోషించాడు. వుల్ఫ్ గుర్రంపైనుండి పడిన శాంటా అనిటాలో, గుర్రాల గాయాలను తగ్గించే ఉద్దేశంతో 2007లో మట్టికి బదులు కృత్రిమ ఉపరితలం వేశారు. నీరు ఇంకే విషయంలో ఇబ్బందులు రావడంతో 2010లో తిరిగి మట్టినే పరిచారు.