అన్నం మెతుకులో ఆరోగ్యాన్ని అన్వేషించిన శాస్త్రవేత్త డాక్టర్ ఆక్రాయిడ్

కడుపు నిండినంత మాత్రాన శరీరానికి తగిన పోషణ లభించినట్లు కాదన్న సత్యాన్ని అంకెలతో సహా నిరూపించి, భారతీయుల ఆహారంపై శాస్త్రీయ అవగాహనకు పునాది వేసిన వారిలో డాక్టర్ వాలెస్ రడెల్ ఆక్రాయిడ్ అగ్రగణ్యులు. కోస్తా ఆంధ్ర ప్రజలను ఒకప్పుడు పీడించిన బెరిబెరి వ్యాధిపై ఆయన సాగించిన కృషి తెలుగువారికి ప్రత్యేకంగా స్మరణీయం.

1899లో జన్మించిన ఆక్రాయిడ్ ఐర్లండ్ దేశీయులు. డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలలో వైద్యవిద్య అభ్యసించారు. న్యూఫౌండ్‌లాండ్‌లోని మత్స్యకార కుటుంబాల్లో బెరిబెరి ప్రబలడానికి తెల్లని మైదాపిండిపై ఆధారపడిన ఆహారమే ముఖ్య కారణమని పరిశీలించి, 1930లో ఆ వివరాలను ప్రచురించారు. అనంతరం నానాజాతి సమితి ఆరోగ్య విభాగంలో పనిచేశారు. 1935లో నీలగిరులలోని కూనూరు పోషకాహార పరిశోధనశాలల సంచాలకులుగా సర్ రాబర్ట్ మెక్‌కారిసన్ నుంచి బాధ్యతలు స్వీకరించారు.

విదేశీ ఆహార పట్టికలలో మన రాగులకు, మునగాకుకు, ఉసిరికాయకు తగిన చోటు లేని రోజులవి. ఆక్రాయిడ్ నేతృత్వంలో ధాన్యాలు, పప్పులు, ఆకుకూరలు, పండ్లను విశ్లేషించి మాంసకృత్తులు, కొవ్వు, ఖనిజ లవణాలు, విటమిన్ల పరిమాణాలను నమోదు చేశారు. ఆ ఫలితాలతో 1937లో 23వ నంబరు ఆరోగ్య బులెటిన్ వెలువడింది. పోషక విలువలతో పాటు సంతృప్తికరమైన ఆహార ప్రణాళికలను సైతం సూచించడం దీని విశిష్టత.

నాటి మద్రాసు రాష్ట్రంలో అన్నమే ప్రధానాహారమైనప్పటికీ, బెరిబెరి ఉత్తర సర్కారు జిల్లాల్లోనే అధికంగా కనిపించేది. ఇక్కడి ప్రజలు మరపట్టిన పచ్చి బియ్యాన్ని భుజించడమే ఇందుకు కారణం. మరలో తవుడుతో పాటు బి1 విటమిన్ తొలగిపోతుంది. బియ్యం కడిగిన నీటితో, వార్చిన గంజితో మరికొంత నష్టమవుతుంది. ఉప్పుడు బియ్యం విషయంలో, వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడే ఆ విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది కనుక మరపట్టినా చాలావరకు నిలుస్తుంది. ఈ అంశాలను ఆక్రాయిడ్ బృందం 1940లో భారతదేశపు బియ్యం సమస్యపై ప్రచురించిన గ్రంథంలో వివరించింది. బెరిబెరి ప్రాంతంలో శిశు మరణాలపై 1941లో వెలువడిన అధ్యయనం సమస్య తీవ్రతను తేటతెల్లం చేసింది. తల్లి ఆహారంలోని లోపం చనుపాల ద్వారా పసికందు ప్రాణానికే ముప్పు తెస్తుందన్న వాస్తవం పాలకుల దృష్టికి వచ్చింది.

1944లో బెంగాల్ కరువు విచారణ సంఘ సభ్యులుగా నియమితులైన ఆక్రాయిడ్, మృతుల సంఖ్యను 15 లక్షలుగా అంచనా కట్టారు. ఆ అంచనా వాస్తవం కంటే తక్కువేనని 1974లో తమ గ్రంథంలో ఆయనే అంగీకరించడం ఆయన నిజాయితీకి నిదర్శనం. 1946 నుంచి 1960 వరకు ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ పోషకాహార విభాగానికి తొలి సంచాలకులుగా సేవలందించారు. 1979లో కన్నుమూశారు.

కూనూరు పరిశోధనశాలలు 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా రూపొందాయి. నాటి బులెటిన్‌ను డాక్టర్ సి.గోపాలన్, సహ శాస్త్రవేత్తలు 1971లో సమగ్రంగా సవరించారు. 2017లో ఇదే సంస్థ 528 ఆహార పదార్థాలతో సరికొత్త పట్టికలను ప్రచురించింది. ఆసుపత్రి, వసతి గృహం, పాఠశాల, అంగన్‌వాడీ, ఎక్కడ ఆహార పట్టిక రూపొందించాలన్నా ఇటువంటి అంకెలే ఆధారం. ఆ ఒరవడికి బాటలు వేసిన ఆక్రాయిడ్ కృషి చిరస్మరణీయం.